కన్నింగ్ ఒకప్పుడు మెచ్చుకోలే

ఆఫీసులో ఒక సీనియర్ గురించి "షీ ఈజ్ వెరీ కన్నింగ్" అన్నారెవరో. పదేళ్ల నాటి కోడ్‌లో ఏది ఎక్కడ ఉందో ఆవిడొక్కరికే తెలుసు. అందరితోపాటు నేనూ నవ్వాను. రాత్రి ఇంటికొచ్చి ఆ మాట పుట్టుక వెతికితే నవ్వినందుకు సిగ్గేసింది.

దీనికి మూలం పాత ఇంగ్లిష్‌లోని 'కున్నన్' అనే క్రియ. తెలిసి ఉండటం, చేతనవడం అని అర్థం. మనం రోజూ వాడే 'క్యాన్' కూడా అందులోంచి వచ్చిందే. మొదట్లో కన్నింగ్ అంటే విషయం తెలిసిన మనిషి, పనిమంతుడు. జిత్తులమారి అన్న అర్థం 16వ శతాబ్దం చివరికి గట్టిపడింది. ఆ తర్వాత కూడా కొంతకాలం రెండర్థాలూ పక్కపక్కనే బతికాయి.

సాక్ష్యం బైబిల్లోనే ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో కన్నింగ్ అన్న మాట ఏశావుది. మంచి వేటగాడని చెప్పడానికి వాడారు. ఏదెను తోటలోని పాముకి మాత్రం వేరే విశేషణం. 1982లో వచ్చిన న్యూ కింగ్ జేమ్స్‌లో ఏశావు 'స్కిల్‌ఫుల్' అయ్యాడు, కన్నింగ్ పాముకి దక్కింది!

ఇంగ్లండ్ పల్లెల్లో నాటుమందులిచ్చి, పోయిన వస్తువుల జాడ చెప్పేవాళ్లని 'కన్నింగ్ ఫోక్' అనేవాళ్లు. 1735 చట్టం వచ్చాక మంత్రశక్తి ఉందని చెప్పుకోవడమే మోసం, ఏడాది జైలు. 'లెర్నెడ్' మాత్రం చెక్కుచెదరలేదు. మన కోర్టుల్లో కూడా లాయర్లు ఇంకా ఒకరికొకరు లెర్నెడ్ ఫ్రెండ్సే. చదువుతో వచ్చిన తెలివికి గౌరవం, చేత్తో పట్టుబడిన తెలివికి అనుమానం అనిపించింది నాకు.

మనమేం తక్కువ తినలేదు. కున్నన్‌కీ సంస్కృతం 'జ్ఞా' ధాతువుకీ మూలం ఒకటేనంటారు భాషావేత్తలు. ఆ 'జ్ఞా' ప్రాకృతం మీదుగా 'జాణ' అయింది. కన్నడంలో జాణ అంటే ఇప్పటికీ తెలివైనవాడే. తెలుగులోనూ నేర్పరి అన్న అర్థం నిఘంటువుల్లో ఉంది గానీ, వాడుకలో ఆ మాట ఆడవాళ్ల మీదే పడుతుంది, అదీ ఓ వెకిలి నవ్వుతో. జ్ఞాని మాత్రం దర్జాగా పీఠం మీద కూర్చున్నాడు.

ఆవిడ తర్వాత ఉద్యోగం మానేశారు. ఆ కోడ్ అర్థంకాక మేం రాత్రులు కూర్చున్నాం. అప్పుడు ఓ మీటింగులో ఎవరో అన్నారు, "షీ వాజ్ సో నాలెడ్జబుల్" అని. ఈసారి నాకు నవ్వు రాలేదు.