ఊట ఎన్ని రోజులు మాగాలి?



ఎమ్మిగనూరులో చదువుకుంటున్న ఒక తమ్ముడు మొన్న అడిగినాడు: "అన్నా, తేనెతో ఇంట్లో చేసే మద్యం ఎన్నాళ్లు మాగాలి?" తేనెలో నీళ్లు కలిపితే పులియడానికి కొన్ని వారాలు, ఘాటు తగ్గి రుచి కుదరడానికి ఆరు నెలలో ఏడాదో పడుతుంది. జవాబు అంతే. కానీ నాకు ఆదోనిలో మా మాదిగ గేరి గుర్తుకొచ్చింది.

ఏడాది ఆగాలంటే కుండలు దాచుకోడానికి ఇల్లుండాలి. అన్నాళ్లు ఆగగలిగే కడుపుండాలి. తలుపు తట్టే పోలీసు ఉండకూడదు. ఈ మూడూ మా గేరిలో లేవు.

మాది గంటల లెక్క. ఈత చెట్టుకు కట్టిన కుండలో సున్నం పూస్తే తియ్యటి నీరా. పూయకపోతే గాలిలోదీ, పాత కుండకు అంటుకున్నదీ ఈస్టు పని మొదలుపెడుతుంది. సాయంత్రానికి కల్లు ఎక్కుతుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. నాటుసారాకైతే నల్లబెల్లం, తుమ్మచెక్క కుండలో నానేసి, ఊట కొన్ని రోజులు పులిశాక బట్టీ పెడతారు. మా అవ్వ కుండకు చెవి ఆనించి వినేది. బుడగల చప్పుడు ఆగితే ఊట అయినట్టు.

ఈ విద్య కొత్తది కాదు. మనుస్మృతి సురను మూడు రకాలుగా చెప్పింది. బెల్లంతో చేసేదాన్ని గౌడి అంది. బ్రాహ్మడు తాగితే మహాపాతకమంది. మా అవ్వ చేసింది ఆ గౌడి వంశమే.

దాన్ని నేరం చేసింది ఖజానా. ఆదోని అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి జిల్లా. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కల్లు గీయాలన్నా, సారా కాయాలన్నా లైసెన్సు ఉండాలంది. డబ్బున్నోడు కాంట్రాక్టరు, లేనోడు ముద్దాయి. 1953 అక్టోబర్ 1న ఆదోని ఆంధ్ర రాష్ట్రంలోకి, కర్నూలు జిల్లాలోకి వచ్చింది. లెక్క మాత్రం మారలేదు. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో సర్కారే ఊరూరికీ సారా పంపింది.

నేను తాగుడును పొగడడం లేదు. మా నాయన సారాకే పోయినాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి నిలబడితే 1993 అక్టోబర్ 1న సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో సీసా తిరిగొచ్చింది, సారా నిషేధం ఉండిపోయింది. అంటే ఫ్యాక్టరీ సీసా ఆదాయమైంది, గేరిలో కుండ నేరంగానే మిగిలింది.

వానలు లేని ఏడాది, సుగ్గికి పోలేని వయసులో, అవ్వ కుండ పెట్టింది. ఒక రాత్రి ఊట పారబోసి ఆమెను జీపెక్కించినారు. ఆ కాగితాల్లో అవ్వ పేరు ముద్దాయిగా ఉంది. ఆమెకు తెలిసిన విద్య ఏ కాగితంలోనూ లేదు.

తమ్ముడూ, నీ గేరిలో ఇంకా బతికున్న అవ్వల దగ్గర కూర్చో. వాళ్లు చెప్పేది రాసుకో.

జై భీమ్.