యాభై నెలల నోటు

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. హనుమాన్ జంక్షన్‌లో ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. విజయవాడ-ఏలూరు రహదారికి నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే ఈ కూడలి చుట్టుపక్కల చేబదుళ్లు దాటిన అప్పంటే ప్రామిసరీ నోటే. రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకం. బారువడ్డీ లెక్కన లక్ష రెండు లక్షలు కావడానికి సరిగ్గా యాభై నెలలు.

కానీ నోటుకు మూడేళ్లే ఆయుష్షు. కాలదోషం పట్టకుండా వెనక ఏదో కొంత చెల్లు వేయించాలి, లేదా తిరగరాయించాలి. తిరగరాసిన రోజున వడ్డీ అసలులో కలిసిపోయి లక్ష కాస్తా 1,72,000 అవుతుంది. మిగిలిన 14 నెలలు దానిమీద వడ్డీ నడిస్తే యాభయ్యో నెలకు బాకీ 2,20,160.

మరి నెలనెలా తిరగరాస్తే? రోజూ? క్షణక్షణం? ఆశపోతు షావుకారు అడగాల్సిన ఈ ప్రశ్న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో లెక్కల ఆచార్యుడు జాకబ్ బెర్నూలీ అడిగాడు. అలా కలుపుతూ పోతే చేరే హద్దు రెండున్నర రెట్లకు పైన, మూడు రెట్లకు లోపల ఉంటుందని 1690లో అచ్చయిన వ్యాసంలో తేల్చాడు. మన నోటు మీదే చూడండి. నెలనెలా కలిపితే 2,69,159 రూపాయలు. రోజూ కలిపితే 2,71,738. క్షణమైనా వదలకుండా కలిపితే 2,71,828. ఆఖరి అత్యాశకు దక్కింది తొంభై రూపాయలు! షావుకారు బలమంతా రేటులోనే ఉందన్నమాట.

2.71828 అనే ఈ హద్దుకు ‘ఈ’ (e) అని పేరు పెట్టినవాడు అదే బాసెల్‌లో పుట్టిన గణితవేత్త ఆయిలర్. 1748 నాటి పుస్తకంలో 18 దశాంశ స్థానాల దాకా విలువ కట్టాడు. ఇన్ని రెట్లు కావడానికి ఎంతకాలమని వెనక నుంచి అడిగితే, జవాబు సహజ సంవర్గమానం. రెండుకు అది 0.6931. యాభైతో హెచ్చిస్తే సుమారు 34.66 నెలలు. అంటే ఎడతెగని చక్రవడ్డీలో నోటుకు కాలదోషం పట్టేలోపే అప్పు రెట్టింపవుతుంది.

ఈ పెరుగుదలకు ఒకప్పుడు చట్టమూ హద్దు గీసింది. హనుమాన్ జంక్షన్ ఉన్న కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజుల్లో రాజాజీ ప్రభుత్వం 1938లో రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పు మీద అసలూ వడ్డీ కలిపి అసలుకు రెట్టింపు కట్టేసిన రైతు ఇక బాకీ లేడంది. చట్టం వచ్చాక చేసే అప్పులకు బారువడ్డీయే, అదీ రూపాయికి ఏడాదికి అణా మించకూడదంది. ఆ రేటుకు అప్పు రెట్టింపు కావాలంటే పదహారేళ్లు పట్టేది.