ఒక్క ఓటు

1954 నవంబరు 6న కర్నూలులో ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రం పుట్టి అప్పటికి నిండా పద్నాలుగు నెలలు కాలేదు. కొత్త రాజధానిలో కచేరీలు ఇంకా గుడారాల్లోనే నడుస్తున్నాయి. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుకు ఎనభై రెండేళ్లు. తుపాకీకి వెరవని మనిషిని చివరికి కల్లు తగాదా పడగొట్టింది.

తుపాకీ సంగతి తెలుగుదేశంలో పిల్లలకు కూడా తెలుసు. 1928 ఫిబ్రవరిలో మద్రాసు, సైమన్ కమిషన్ బహిష్కరణ, కాల్పుల్లో ఒక యువకుడు నేలకొరిగాడు. శవాన్ని చూడనివ్వకుండా పోలీసులు అడ్డుపడితే ప్రకాశం చొక్కా విప్పి రొమ్ము చూపించాడు. ఆ రోజుతోనే ఆంధ్రకేసరి అయ్యాడు. అంతకుముందు కథ తక్కువదేమీ కాదు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి ఒంగోలులో పూటకూళ్లు పెట్టి పెంచింది. రాజమండ్రిలో వకీలై, సీమకు వెళ్లి బారిస్టరై, మద్రాసులో రాశులు సంపాదించాడు. 1921లో గాంధీ మాట మీద ఆ ప్రాక్టీసు వదిలి, సంపాదనంతా 'స్వరాజ్య' పత్రికకు ధారపోశాడు. నష్టాల మీద నష్టాలు వచ్చినా పట్టు వదలలేదు. పత్రిక మిగల్లేదు, ఆస్తీ మిగల్లేదు.

ఎవరేమన్నా వెనక్కి చూడని ఆ గుణమే ఉద్యమంలో ఆయన్ని కేసరిని చేసింది. గద్దె మీద కూర్చున్నప్పుడు దాన్నే కాస్త పక్కన పెట్టి ఎదుటివాడి మాట వినాలి. ఆ సంగతి ఆయన తనలో తాను ఎన్నడూ తరచి చూసుకున్నట్టు కనిపించదు.

1946 ఏప్రిల్ 30న ఆయన ఉమ్మడి మద్రాసు ప్రధాని అయ్యాడు. ఢిల్లీ పెద్దలు రాజాజీని కోరుకున్నారు. శాసనసభ్యులు ప్రకాశాన్ని ఎన్నుకున్నారు. రాగానే ఖద్దరు పథకం తలకెత్తుకున్నాడు. ఊళ్లు తమ బట్ట తామే వడికి నేసుకోవాలి, కొత్త బట్టల మిల్లులు వద్దు, ఉన్న మిల్లులకు కొత్త కదుళ్లూ వద్దు. యుద్ధం ముగిసిన రోజులు, బట్టకు కటకట. మిల్లులవాళ్లు సరే, సొంత పార్టీవాళ్లే ఇదేమిటన్నారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అది గాంధీ దారే కదా అంటే నిజమే, ఆశయాన్ని నేను తప్పుపట్టను. కాని నీ వెంట ఉన్నవాళ్లలో సగంమందికి నమ్మకం లేని పథకాన్ని ఎంతదూరం ఒక్కడివే మోస్తావు? కామరాజ్ తమిళ వర్గమే కాదు, తెలుగువాళ్లలోనే పట్టాభి, కళా వెంకట్రావుల వర్గం కూడా ఆయనకు దూరమైంది. పదకొండు నెలలు నిండకుండానే, 1947 మార్చిలో, సొంత పార్టీయే ఆయన్ని దించి ఓమందూరు రామస్వామి రెడ్డియార్‌ను కూర్చోబెట్టింది.

1952 మద్రాసు ఎన్నికల తర్వాత గద్దె దక్కకపోవడంలో మాత్రం తప్పు ఆయనది కాదు. మెజారిటీ ఉందన్న కూటమికి నాయకుడు ఆయనైతే, గవర్నరు రాజాజీని పిలిచాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మొదటి ముఖ్యమంత్రి పదవి ఆయన్ని వరించింది. ఆ కొద్ది నెలల్లో కృష్ణ మీద బ్యారేజీ పని మొదలైంది, గుంటూరుకు హైకోర్టు, తిరుపతికి విశ్వవిద్యాలయం వచ్చాయి. కాని మద్రాసు నుంచి మద్యనిషేధం కూడా వారసత్వంగా వచ్చింది. దానితో శెట్టిబలిజలు, ఈడిగలు, గౌడలు, శ్రీశయనులు, యాతలు, ఇలా తాడిచెట్టునూ ఈతచెట్టునూ నమ్ముకున్న కులాలకు కూడు పోయింది. మోకు, లొట్టి తప్ప వేరే ఆధారం లేనివాళ్లు. నిషేధం అమలు సంగతి చూడమని ఎస్.వి. రామమూర్తి కమిటీని వేస్తే, దాన్ని ఎత్తేయమని అదే సలహా ఇచ్చింది. ప్రభుత్వం ఆ సలహా తీసుకోలేదు.

గౌతు లచ్చన్న నాయకత్వాన గీత సత్యాగ్రహం లేచింది. జనం జైళ్లకు వెళ్లారు. ఇక్కడే నాకు గుండె కలుక్కుమంటుంది. ఉప్పు సత్యాగ్రహం నడిపిన మనిషి ప్రభుత్వం ఎదుట సత్యాగ్రహులు నిలబడ్డారు. తాను ఒకనాడు దొరల ముఖాన చెప్పిన మాటనే వాళ్లిప్పుడు తనకు చెబుతున్నారని ఆయనకు తట్టిందో లేదో. తట్టి ఉంటే, అటో ఇటో ఊగుతున్న సభలో ఒక్క ఓటు దొరకకపోయేదా?

తర్వాత రాష్ట్రపతి పాలన. 1955 ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. ప్రకాశం ఊళ్లు తిరుగుతూనే ఉన్నాడు. 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూశాడు. ఆ ఏడాది చివర పనిలోకి వచ్చిన బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు, 1972లో ఒంగోలు జిల్లాకూ పెట్టారు.

ఆయన నిజాయితీ మీద శత్రువులు కూడా వేలు పెట్టలేకపోయారు. రెండుసార్లు గద్దె దిగింది అవినీతి వల్ల కాదు, అసమర్థత వల్లా కాదు. మొదటిసారి పార్టీ చెప్పింది, రెండోసారి తాను వేసిన కమిటీయే చెప్పింది. రెండుసార్లూ ఆయన వినలేదు.