చదువు అబ్బలేదనే ముందు

అనంతపురం కరవు సీమలో బడి మానిన పిల్లవాణ్ణి గురించి పెద్దలు చెప్పే మాట ఒకటుంది: ‘వాడికి చదువు అబ్బలేదు.’ వానలు లేక వలసపోయే ఇళ్లలో ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండేది కాదు. పిల్లవాడు గొర్రెల వెంట పోయేవాడు.

కంటికి కనిపించే వైకల్యాలనే సమాజం ముందుగా గుర్తించింది. 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాలో ప్రారంభించిన ఆర్డీటీ, కాలక్రమంలో చూపు, వినికిడి లోపాలున్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నెలకొల్పింది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను పేర్కొన్నది. చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యానికి అందులో చోటు దక్కలేదు.

2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, దానినీ చేర్చింది. బడిలోనే తొలిదశలో గుర్తించాలనీ, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల మినహాయింపు వంటి సౌకర్యాలు కల్పించాలనీ నిర్దేశించింది. ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. అయితే ఆ పిల్లలలో పలువురికి అభ్యసన వైకల్యమూ ఉంటుంది. ప్రభుత్వ వైద్యులు దానిని నిర్ధారించి ధ్రువపత్రమిస్తే సహాయానికి దారి ఏర్పడుతుంది.

కనుక తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయునికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. మండలంలోని భవిత కేంద్రాన్ని సంప్రదించాలి. చదువు అబ్బలేదని తీర్పు చెప్పక ముందే ఆ పరీక్ష జరగాలి.