చిల్లా, కోరంటి

2020 మార్చి ఆఖరి వారం. టీవీలో ఎవరో పదేపదే 'క్వారంటైన్' అంటున్నారు. తస్బీ తిప్పుతున్న మా అమ్మీ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"క్యా బోల్రా రే వో? కోరంటి?"

"హాఁ అమ్మీ, వహీచ్."

ఆమె మొహంలో ఖౌఫ్ కనిపించింది. కరోనా అంటే అప్పటిదాకా ఆమెకు టీవీ ఖబర్ మాత్రమే. కోరంటి అలా కాదు. చిన్నప్పుడు మా నానీ నోట విన్న మాట అది. నల్లకుంటలోని ఫీవర్ హాస్పిటల్‌ను మా నగరంలో బుజుర్గులు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. ఆ పేరు వింటే, దవాఖానాకు పోవడంకన్నా ఇంటినుంచి ఎత్తుకుపోవడమే వాళ్లకు ముందు గుర్తుకొస్తుంది.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికల్లో కలం పట్టినవాణ్ణి. జబాన్లు మారుతూ తిరిగే లఫ్జులంటే నాకు ఇష్క్. అందుకే ఆ రాత్రి ఈ మాట వెంట పడ్డాను. అది నన్ను తిప్పి తిప్పి మా మొహల్లాకే, నేను చేసిన ఒక తప్పు దగ్గరికే తీసుకొచ్చింది.

ఇటలీ వాళ్ల భాషలో 'క్వారంతా' అంటే నలభై. తాఊన్, అంటే ప్లేగు, యూరప్‌ను తుడిచిపెడుతున్న జమానాలో ఓడరేవుకు వచ్చిన జహాజులను, మనుషులను విడిగా ఆపేవారు. 1377లో అడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న రగూసా, అంటే ఇవాళ్టి దుబ్రోవ్నిక్, ముందు ముప్ఫై రోజుల గడువు పెట్టింది. తర్వాత అది నలభై రోజులైంది. ఆ నలభై నుంచే క్వారంటైన్ పుట్టింది. మన గలీల్లోకి వచ్చేసరికి అది కోరంటి అయింది.

నలభై రోజులు మనకు కొత్తవి కావు. మన ఇళ్లలో కాన్పు అయితే జచ్చాకు చిల్లా ఉంటుంది. చిల్లా అన్నా నలభై రోజులే. తల్లీబిడ్డా ఒక గదిలో ఉంటారు. ఎవరు పడితే వాళ్లు లోపలికి రారు. బయట తిరిగొచ్చినవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కోకుండా బిడ్డను ముట్టుకోరు. జచ్చాకు వేళకు అఛ్వానీ, వేడివేడి షోర్బా అందుతాయి. సూఫీలూ చిల్లా పడతారు. ఆ నలభై రోజులూ వాళ్ల గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నీళ్లూ రొట్టే పెట్టి పోతారు.

రెండింటిలోనూ మనిషి గదిలోనే ఉంటాడు, తలుపు మూసే ఉంటుంది. అయినా చిల్లా అంటే ఇజ్జత్, కోరంటి అంటే ఖౌఫ్. ఈ ఫరఖ్ ఎక్కడిదో తారీఖ్‌ను అడగాలి.

పదండి, 1897 బొంబాయికి పోదాం.

అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో మాండ్వీ ఇలాకాలో తాఊన్ బయటపడింది. జనం లక్షల్లో నగరం వదిలి పారిపోయారు. 1897 ఫిబ్రవరి 4న అంగ్రేజు హకూమత్ అంటువ్యాధుల చట్టం తెచ్చింది. అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. హకూమత్‌కు ఎలాంటి నిబంధన అయినా పెట్టే అఖ్తియార్ ఉంది. మాట వినని వాడికి సజా ఉంది. అఫ్సర్ల మీద దావా వేయకుండా రక్షణ కూడా ఉంది. మరి ఇంటినుంచి తీసుకుపోయిన బీమారుకు అన్నం ఎవరు పెట్టాలి? అతని బాల్‌బచ్చాలను ఎవరు చూడాలి? ఆ నాలుగు సెక్షన్లలో ఎక్కడా జవాబు లేదు.

తర్వాత తనిఖీ బృందాలు ఇళ్లలోకి చొరబడ్డాయి. బీమారులను దవాఖానాకు, ఇంట్లో మిగిలినవాళ్లను క్యాంపులకు తరలించారు. పనికిరావనుకున్న ఇళ్ల గోడల మీద 'యూ హెచ్ హెచ్' అని మూడు అక్షరాలు రాశారు. మనుషులు ఉండదగని ఇల్లు అని దాని మత్లబ్. ఆ గోడ ముందునుంచి పోయేవాడు ఆ కుటుంబాన్ని ఏ కంటితో చూసి ఉంటాడో ఆలోచించండి.

పుణెలో కథ ఇంకా దూరం పోయింది. అక్కడ ప్లేగు కమిటీ అధిపతి ర్యాండ్. తనిఖీల కోసం సిపాయిలను ఇళ్లలోకి పంపాడు. 1897 జూన్ 22 రాత్రి చాఫేకర్ సోదరులు అతని మీద కాల్పులు జరిపారు. మరుసటి ఏడాది మార్చిలో బొంబాయి మదన్‌పురాలో, మన జులాహాల మొహల్లాలో, తాఊన్ ఉందేమోనన్న షక్‌తో ఒక బాలికను పరీక్షించడానికి బృందం వచ్చింది. జులాహాలు అడ్డం నిలబడ్డారు. అది నగరంలో పెద్ద ఫసాద్ అయింది.

వాళ్లు జాహిల్ జనం, సైన్సు తెలియనివాళ్లు అని అప్పటి అఫ్సర్లు అన్నారు. 2020లోనూ అదే మాట విన్నాం. కానీ అదే బొంబాయిలో అదే ఏడాది ఇంకోటి కూడా జరిగింది. డాక్టర్ వాల్డెమార్ హాఫ్‌కిన్ తాఊన్‌కు టీకా తయారుచేసి, 1897 జనవరి 10న ముందు తన ఒంటికే ఎక్కించుకున్నాడు. ఇస్మాయిలీల యువ ఇమాం మూడో ఆగాఖాన్ తన జమాత్ వాళ్ల ముందే టీకా వేయించుకున్నాడు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. సూది అంటే భయపడిన జనం దాంతో ముందుకొచ్చారు. హకూమత్ కూడా కొంత నేర్చుకుంది. ఒక్కో బిరాదరీ తన సొంత ప్లేగు దవాఖానా పెట్టుకునేందుకు ఇజాజత్ ఇచ్చింది. తన వాళ్లు వండిన అన్నం, తన జబాన్‌లో పలకరింపు దొరికే చోటికి పోవడానికి బీమారుకు అంత జంకు ఉండదు కదా.

మన నిజాం రియాసత్ అంగ్రేజుల సీదా ఏలుబడి కిందది కాదు. కానీ తాఊన్‌కు సరిహద్దు లేదు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరాన్ని ముంచింది. ఆ తడి ఆరకముందే, 1911లో తాఊన్ వచ్చింది. ఇరుకు గలీలు, గాలీ వెలుతురూ లేని ఇళ్లు, ఎలుకలు. గరీబులు ఎక్కడ కిక్కిరిసి ఉన్నారో బీమారీ అక్కడే తిష్ఠ వేసింది. ఆ తర్వాతే, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇళ్లు సరిగ్గా లేకుండా వబాను ఆపలేమన్న సంగతి నగరానికి అప్పుడు బోధపడింది. 1915లో అంటురోగాల కోసం విడిగా దవాఖానా మొదలై, తర్వాత నల్లకుంటకు చేరింది. అదే మన కోరంటి. ఇవాళ దాని సర్కారీ పేరులో సర్ రోనాల్డ్ రాస్ ఉన్నాడు. మలేరియా దోమ గుట్టును ఆయన మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడు. అదీ 1897లోనే, ఆగస్టు 20న.

ఆ దవాఖానా ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో లెక్క లేదు. అయినా మా నానీకి గుర్తున్నది తీసుకుపోవడమే. తీసుకుపోయేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఎవరూ సమ్‌ఝాయించి చెప్పకపోతే, తర్వాత ఎంత మంచి ఇలాజ్ చేసినా ఆ భయం పోదు.

ఇక 2020కి వద్దాం.

ఆ మార్చిలో మన రాష్ట్రాలు ముందుగా తీసిన హథియార్ ఏది? 1897 నాటి అదే చట్టం. మార్చి 25 నుంచి దేశమంతా తాళం పడింది. 'ఇంట్లోనే ఉండండి' అన్నారు. ఇల్లు ఉన్నవాడికి అది సలహా. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే చోట, రోజు కూలీతో చూల్హా వెలిగే చోట, ఆ మాటకు మత్లబ్ ఏముంది? తెలంగాణ సర్కారు రేషన్ కార్డు ఉన్న ఇళ్లలో మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ప్రకటించింది. కార్డు లేని వలస కూలీలకు 12 కిలోలు, 500 రూపాయలు అన్నది. అందినవాళ్లకు అది సహారా. ఏ జాబితాలోనూ పేరు లేనివాళ్లు మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ రోడ్డు పట్టి, పిల్లలను భుజాన వేసుకుని నడిచారు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందితో కదిలింది. తాళం పడిన ముప్ఫై ఎనిమిదో రోజు అది. ఇంకో రెండు రోజులైతే చిల్లా పూరా అయ్యేది.

మా మసీదుల్లో సఫ్‌లు ఖాళీ అయ్యాయి. రంజాన్‌లో తరావీహ్ ఇళ్లలోనే చదువుకున్నాం. హలీం భట్టీలు వెలగలేదు. మా అబ్బాకు డెబ్బై దాటాయి, దమ్ము ఉంది. జుమా మానడం ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే. నేను చెబితే వినలేదు. వబా ఉన్న ఊరికి పోవద్దు, ఉన్న ఊరినుంచి రావద్దు అన్న హదీసును, హజ్రత్ ఉమర్ సిరియా దారిలో తాఊన్ ఖబర్ విని వెనుదిరిగిన వాకియాను మా ఇమాం సాబ్ ఫోన్‌లో చెప్పారు. అప్పుడు ఒప్పుకున్నారు. ఆగాఖాన్ సూది సంగతి నాకు అర్థమైంది ఆ రోజే. జాగ్రత్త చెప్పేవాడి మీద ముందు భరోసా ఉండాలి.

అదే రోజుల్లో ఢిల్లీ మర్కజ్ ఖబర్ వచ్చింది. అక్కడికి పోయొచ్చినవాళ్లలో బీమారీ పాకింది, కొందరు మరణించారు, వాళ్లను వెతికి పరీక్షించడం జరూరీ. అది సచ్. కానీ వెతికే పని కొన్ని టీవీల్లో, ఫోన్లలో ఇల్జామ్‌గా మారింది. తర్వాత ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ జమాతీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులు చేశారన్న మాటే వాడింది. ఈలోగా జరగాల్సిన నుక్సాన్ జరిగిపోయింది. మా గలీలో జ్వరం వచ్చినవాళ్లు దాచుకున్నారు. డోలో గోలీ మింగి, దగ్గును దుపట్టాలో అణుచుకున్నారు. దాచుకున్న జ్వరం ముందుగా సోకేది ఆ ఇంటి బూఢాలకే.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

ఏప్రిల్‌లో నేను పనిచేస్తున్న పత్రికలో పాజిటివ్ కేసుల ఖబర్ రాశాను. పేరు రాయలేదు. కానీ గలీ పేరు, అతను నడిపేది ఆటో అని, ఇంట్లో ఎంతమంది ఉన్నారో రాశాను. జనం జాగ్రత్తపడతారనే అనుకున్నాను. ఆ గలీలో ఆటోవాలాలు ఎంతమంది ఉంటారు? పొద్దున్నే అందరికీ తెలిసిపోయింది. తలుపు మీద అప్పటికే క్వారంటైన్ స్టిక్కర్ ఉంది. ఇక పాలవాడు రావడం మానేశాడు. కిరాణా దుకాణంవాడు ఫోన్ ఎత్తలేదు. ఆ ఇంట్లో అతని బిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చి పన్నెండు రోజులైంది. అంటే ఒకే గుమ్మం వెనక చిల్లా, కోరంటి రెండూ నడుస్తున్నాయి.

మా అమ్మీకి ఎవరో చెప్పారు. ఆ ఖబర్ ఎవరు రాశారో ఆమెకు తెలియదు. అన్నం, షోర్బా, డబ్బాలో అఛ్వానీ సర్ది నా చేతికిచ్చింది.

"అమ్మీ, వాళ్లు కోరంటిలో ఉన్నారు" అన్నాను.

"జచ్చా హై రే ఘర్ మే" అంది. ఇంకేమీ అనలేదు.

మాస్కు పెట్టుకుని పోయి డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి, దూరం జరిగాను. తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఆటోవాలా భార్య డబ్బా తీసుకుని "అల్లా ఆప్కో ఖుష్ రఖే భాయ్" అంది. ఆ దువా వినడానికి నాకు హక్కు లేదు. తర్వాత రోజూ పోయాను. మూడో రోజుకు పక్కింటి పిల్లలు పాల ప్యాకెట్ తెచ్చి పెట్టడం చూశాను. ఆ వారం ఆఫీసులో గలీ పేర్లు రాయొద్దని పట్టుబట్టాను. అప్పటికే రాసినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.

డిసెంబర్ 9న సుప్రీంకోర్టు, అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప కోవిడ్ బీమారుల ఇళ్లకు పోస్టర్లు అంటించొద్దని చెప్పింది. బొంబాయి గోడల మీద ఆ మూడు అక్షరాలు రాసిన నూట ఇరవై మూడేళ్ల తర్వాత.

ఆటోవాలా బతికి బయటపడ్డాడు. ఆ రాత రాసింది నేనేనని మరుసటి ఏడాది అతనికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "చదివాను భాయ్. పేరు వేయలేదుగా అని అప్పుడు మీకు శుక్రియా అనుకున్నా. పాలవాడు రానప్పుడు సమఝ్ అయింది" అన్నాడు. మాఫ్ చేశాడా లేదా, నేను అడగలేదు.

ఇంకో వబా రాదన్న గ్యారంటీ లేదు. వస్తే మనుషులను విడిగా ఉంచక తప్పదు, అదీ నిజమే. అప్పుడు స్టిక్కర్ తెచ్చేవాడికన్నా ముందు ఆ గుమ్మానికి బియ్యం, పాలు, మందులు చేరాలి. కార్డు ఉందా లేదా అని ఆకలి దగ్గర అడగొద్దు. బీమారును ముల్జిమ్‌లా రాయొద్దు, ఇది నాలాంటి ఖలం పట్టేవాళ్లకు. ఇమాం సాబ్, ఆశా కార్యకర్త, బస్తీ డాక్టర్, ఎవరి మాట ఆ గలీ వింటుందో వాళ్లతోనే ఖబర్ చెప్పించాలి.

ఆ బిడ్డకు ఇప్పుడు బడి వయసు. నిన్న మా అమ్మీ దగ్గరికి వచ్చి బిస్కెట్ అడిగింది. "యే కోరంటి మే పైదా హుయీ" అని ఎవరో నవ్వారు. అమ్మీకి కోపం వచ్చింది. "నక్కో బోలో వైసా. చిల్లే మే థీ బచ్చీ" అని, రెండు బిస్కెట్లు చేతిలో పెట్టింది.