హిజ్లీలో కాంథా, బొంత: పాత నూలు చీరల ఎంపిక, కుట్టు, సంరక్షణ

హిజ్లీ (ఖరగ్‌పూర్): పాత చీరలను పొరలుగా పేర్చి కలిపి కుట్టిన దుప్పటిని తెలుగువారు బొంత అంటారు. బెంగాలీలు కాంథా అంటారు. ఈ రెండవ మాట కూడా తెలుగుకు కొత్తది కాదు. సంస్కృతం నుంచి వచ్చిన ‘కంథ’ అనే పదానికి తెలుగు నిఘంటువులు చెప్పే అర్థం బొంతే.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌ను ఆనుకొని హిజ్లీ ఉంది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ నిర్బంధ శిబిరం నడిపింది. ఆ భవనంలోనే 1951లో దేశంలోని మొదటి ఐఐటీ ఆరంభమైంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్రకు చెందిన కుటుంబాలు ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డాయి. రాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించడానికి ఈ జనాభాయే ప్రధాన కారణం. ఇటువంటి ఊరిలో బొంత ఎరిగిన చేతికి కాంథా పరాయి పని కాదు.

బొమ్మలు, పద్మాలు, కల్కలు కుట్టిన నక్షీ కాంథాకు పశ్చిమ బెంగాల్ తరఫున 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. గురుసదయ దత్ సేకరించిన పాత కాంథాలు కోల్‌కతా శివార్లలో ఆయన పేరిట ఏర్పడిన ప్రదర్శనశాలకు చేరాయి. అయితే నేడు దుకాణాలలో ‘కాంథా చీర’గా అమ్ముతున్నది చాలావరకు ఒకే పొర పట్టుగుడ్డ మీద వేసిన కుట్టు. అది అందమైనదే గాని, పొరలు లేవు గనుక అసలు అర్థంలో కాంథా కాదు.

ఇంటి బొంతకు వచ్చిన చిక్కు వేరు. దాని ముడిసరుకు ఏళ్ల తరబడి కట్టి, ఉతికి మెత్తబడిన నూలు చీర. రోజువారీ కట్టుకు పాలియెస్టర్ చీరలు వచ్చాక ఆ ముడిసరుకే ఇళ్లలో అరుదైపోయింది. పాలియెస్టర్ చెమటను పీల్చదు, సులభంగా చిరగదు, మెత్తబడదు. దానితో కుట్టిన బొంత కంటికి నిండుగా ఉన్నా, హిజ్లీ వంటి ఉక్కపోత ప్రాంతంలో ఒంటికి హాయినివ్వదు. ఉన్న నాలుగు నూలు చీరలను సరిగా గుర్తించి వాడుకోవడం అందుకే ముఖ్యం.

గుర్తించే పద్ధతి సులువు. అంచు నుంచి ఒక పోగు లాగి, నీటిగిన్నె పక్కన పెట్టుకొని, జాగ్రత్తగా కాల్చాలి. నూలు పోగు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి నల్లపూసగా మారుతుంది. రెండూ కలిపి నేసిన గుడ్డలో రెండు లక్షణాలూ కనిపిస్తాయి. తరువాత చీరను ఎండకు ఎదురుగా పట్టి చూడాలి. కూర్చునే భాగంలోనూ, కుచ్చిళ్ల మడతల దగ్గరా పలచబడిన చోట్లు వెలుతురులో తెలిసిపోతాయి. బొటనవేళ్లతో లాగితే పోగులు విడిపోయే భాగాన్ని కత్తిరించి పారేయడమే మేలు. లోపలి పొరలో దాచినా అక్కడ గుంట పడుతుంది. రంగు చీరల మీద తడి తెల్లగుడ్డను కాసేపు అదిమి, రంగు దిగుతుందేమో చూడాలి.

మంగళగిరి, వెంకటగిరి నూలు చీరల వంటివి పాతబడితే పై పొరకు చక్కగా ఒదుగుతాయి. జరీ అంచును మాత్రం విప్పి తీసేయాలి. కొత్త గుడ్డ కలపవలసి వస్తే ముందుగా ఒకటి రెండు సార్లు ఉతికి, గంజి వదిలించి, కుంగనివ్వాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కొత్త పొర కుంగి, పాత పొరలు ఉబ్బుగా లేస్తాయి. బొంతలు పాడవడానికి ఇంతకంటే సాధారణమైన కారణం లేదు.

కుట్టేటప్పుడు మూడు నుంచి ఐదు పొరలు చాలు. నేల మీద చాప పరిచి, ముదురు రంగులు లోపలికి, లేత రంగులు పైకి వచ్చేలా చీరలను పరచి, ముడతలు తీసి, మూలల్లో బరువులు ఉంచాలి. పెద్ద పెద్ద పోగులతో కచ్చా కుట్టు మధ్య నుంచి అంచులకు వేయాలి; అంచుల నుంచి మొదలుపెడితే గుడ్డ నడుమ పోగవుతుంది. ఆ తరువాత వరుసలుగా సన్నని పరుగు కుట్టు. దారాన్ని బిగించి లాగకుండా, ప్రతి వరుస చివర గుడ్డను అరచేతితో సర్దాలి. పూర్వం కాంథాకు దారం చీర అంచుల నుంచే తీసేవారు. అది పొదుపు మాత్రమే కాదు: గుడ్డా దారమూ సమాన బలంతో ఉండేవి. నేటి పాలియెస్టర్ దారం పాత నూలు కంటే గట్టిది, ఒరిపిడికి గుడ్డనే కోస్తుంది. నూలు దారమే వాడాలి.

కుట్టుమిషను మీద కుట్టాలంటే పద్నాలుగో నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచుకోవాలి. చిన్న కుట్లు దగ్గరదగ్గరగా పడితే పాత గుడ్డ తపాలా బిళ్లల కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది.

ఖరగ్‌పూర్ ప్రాంతం ఎర్రమట్టి నేల. సన్నని ధూళి పొరల మధ్య చేరి పోగులను అరగదీస్తుంది కనుక, ఉతకడానికి ముందు బొంతను ఆరుబయట దులపాలి, కర్రతో బాదకూడదు. చన్నీటిలో కుంకుడు రసం గాని, ఘాటు లేని సబ్బు గాని వేసి నానబెట్టి, చేతితో ఒత్తితే సరిపోతుంది. తడిసిన బొంత చాలా బరువు. ఒకే తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకే కుట్లు తెగుతాయి. మంచం మీదనో, రెండు మూడు తీగల మీదనో పరచి నీడలో ఆరబెట్టాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడితే బూజు పట్టడం ఖాయం. గంజి ఉన్న గుడ్డను సిల్వర్‌ఫిష్ పురుగు వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి దాచే బొంతకు గంజి పెట్టకూడదు. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టె తుప్పు తగలకుండా అడుగున మరో గుడ్డ వేయాలి. కలరా ఉండలు నేరుగా గుడ్డకు తగలరాదు. ఎండిన వేపాకు మూట పెట్టేవారు కూడా దాన్ని విడిగా ఉంచడం మంచిది. నెలకోసారి మడతలు మార్చకపోతే మడత గీతల వెంట పోగులు తెగుతాయి.

చిరిగిన చోట మాసిక వేయడానికి కొత్త గుడ్డ తీసుకోకూడదు. గట్టి మాసిక చుట్టూ ఉన్న పాత నూలును లాగి కొత్త చిరుగు తెస్తుంది. బొంతంత వయసున్న చీర ముక్కనే వాడాలి. అందుకే బొంత కుట్టిన రోజున మిగిలిన ముక్కలను ఒక మూటగా కట్టి దానితోపాటే పెట్టెలో ఉంచుతారు.