చీకటి హాల్లోనూ స్పష్టమైన ఫొటోలు: బడ్జెట్ ప్రైమ్ లెన్సులు, ఫోకస్ మెళకువలు

ఇంట్లో దీపాల వెలుగులో సత్యనారాయణ వ్రతం, స్కూల్ ఆడిటోరియం అద్దెకు తీసుకుని చేసే ఉగాది వేడుక, జిమ్ హాల్లో బతుకమ్మ, అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం. విదేశాల్లో మన కుటుంబాల ముఖ్యమైన సందర్భాలు చాలావరకు వెలుతురు తక్కువున్న చోటే జరుగుతాయి. ఊళ్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్య అన్నిటికీ రాలేరు. వాళ్లు చూసుకునేది మనం పంపే ఫొటోలే. తీరా చూస్తే పాప మొహం మసకగా, వెనకాల కర్టెన్ మాత్రం చక్కగా వస్తుంది. మళ్లీ తీద్దామంటే ఆ రోజు తిరిగి రాదు.

ఇలా జరగగానే చాలామంది కొత్త కెమెరా కొనాలనుకుంటారు. దానికంటే ముందు లెన్స్ మార్చి, ఫోకస్ సెట్టింగులు సరిచేసి చూడండి. ఖర్చు చాలా తక్కువ, తేడా చాలా ఎక్కువ.

ప్రైమ్ లెన్స్ వల్ల లాభం ఏమిటి?

ప్రైమ్ లెన్స్ అంటే జూమ్ లేని లెన్స్. దగ్గరగా కావాలంటే మనమే నాలుగడుగులు ముందుకు వెయ్యాలి. ఆ ఇబ్బందికి బదులుగా వెలుతురు బాగా లోపలికి వస్తుంది. లెన్స్ మీద ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకుంటుందని అర్థం. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ 55 దగ్గర సాధారణంగా ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 ప్రైమ్‌లో దానికి దాదాపు 9 రెట్ల పైగా వెలుతురు వస్తుంది. కిట్ లెన్స్‌తో సెకనులో 30వ వంతు షట్టర్ పడే చోట, అదే ఐఎస్ఓతో 250వ వంతు వాడుకోవచ్చు. నాట్యం చేసే పాప చెయ్యి గీతలా సాగిపోవడానికి, వేళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా రావడానికి ఉన్న తేడా ఇదే.

ఏ సైజు తీసుకోవాలి?

ముందు మీ కెమెరా సెన్సార్ ఏమిటో చూసుకోండి. తక్కువ ధర కెమెరాల్లో ఎక్కువ భాగం ఏపీఎస్-సీ రకం. వీటిమీద 50 ఎంఎం లెన్స్, ఫుల్ ఫ్రేమ్‌లో 75 లేదా 80 ఎంఎం చూపించేంత దృశ్యమే చూపిస్తుంది. ఒక మనిషి ఫొటోకి, స్టేజీకి అది బాగుంటుంది. లివింగ్ రూమ్‌లో పీటల మీద కూర్చున్న దంపతులనీ, చుట్టూ ఉన్న బంధువులనీ పట్టాలంటే మాత్రం వెనక గోడ అడ్డొస్తుంది. ఇంట్లో వాడకానికి 35 గానీ, ఇంకా వెడల్పు కావాలంటే 24 గానీ నయం.

తేల్చుకోలేకపోతే ఒక పని చెయ్యండి. కిట్ లెన్స్‌ని ఒక రోజంతా 35 దగ్గర, మరో రోజు 50 దగ్గర కదపకుండా ఉంచి ఫొటోలు తీయండి. ఏది సౌకర్యంగా ఉందో అదే కొనండి.

కానన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవారికి ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం ఉంది. 2015లో 125 డాలర్లకు వచ్చిన ఈ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో సులువుగా దొరుకుతుంది. కానన్ మిర్రర్‌లెస్‌కి ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8 ఉంది, అడాప్టర్ పెడితే పాత ఈఎఫ్ లెన్స్ కూడా ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది.

నికాన్ ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్ వాడేవారికి ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8జీ మంచి ఎంపిక. ఇక్కడ ఒక జాగ్రత్త: చవగ్గా దొరికే పాత 50 ఎంఎం 1.8డీ లెన్స్‌లో మోటార్ లేదు. డీ3000, డీ5000 శ్రేణి కెమెరాల్లోనూ మోటార్ ఉండదు కాబట్టి వాటిమీద ఆటోఫోకస్ అసలు పనిచేయదు. నికాన్ జడ్ కెమెరాలకైతే 40 ఎంఎం ఎఫ్ 2 చూడండి.

సోనీ ఏపీఎస్-సీ కెమెరాలకు ఈ 35 ఎఫ్ 1.8, ఈ 50 ఎఫ్ 1.8 రెండింటిలోనూ చెయ్యి వణుకుని తగ్గించే ఓఎస్ఎస్ ఉంది. సిగ్మా 30 ఎఫ్ 1.4, 56 ఎఫ్ 1.4 కూడా ధరకు తగ్గ లెన్సులు. సోనీ ఎఫ్ఈ 50 ఎఫ్ 1.8 చవకైనదే గానీ ఫోకస్ నెమ్మది. పరుగులు తీసే పిల్లలకి అంత సరిపోదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు లెన్స్‌ని లైటుకి అడ్డంగా పెట్టి లోపల ఫంగస్ ఉందేమో చూడండి. మలేషియా, మారిషస్ లాంటి తేమ ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం. కొత్తది కొని ఇండియాలో తమ్ముడికి ఇవ్వాలనుకుంటే వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఫోకస్ ఎందుకు తప్పుతుంది?

ఆటోఫోకస్‌కి వెలుతురు, కాంట్రాస్ట్ రెండూ కావాలి. నున్నటి చెంప, నల్లటి జుట్టు, సాదా రంగు లాల్చీ మీద పాయింట్ పెడితే లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుకుతూనే ఉంటుంది. కాటుక దిద్దిన కన్ను, బొట్టు అంచు మీద పెడితే వెంటనే పట్టుకుంటుంది. పట్టు చీర జరీ అంచు కూడా పనికొస్తుంది, అది మొహానికి సమాన దూరంలో ఉంటేనే. ఎర్ర, నీలం స్టేజి లైట్లు మాత్రమే ఉన్నప్పుడు తడబాటు ఎక్కువ. తెల్లటి లైటు పడే క్షణం కోసం ఆగండి.

రెండో కారణం, ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. ఏపీఎస్-సీ మీద 50 ఎంఎం, ఎఫ్ 1.8తో మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండేది సుమారు 3 సెంటీమీటర్లే. 2 మీటర్ల దగ్గర సుమారు 11 సెంటీమీటర్లు, 5 మీటర్ల దగ్గర 70 సెంటీమీటర్లు. పాప చేతిలోని హారతి పళ్లెం మీద ఫోకస్ పడితే మొహం మసకబారేది ఇందుకే.

కార్యక్రమానికి ముందు చేసుకోవలసిన సెట్టింగులు

• ఫోకస్ పాయింట్ ఎంపిక కెమెరాకి వదలకండి. పాత డీఎస్ఎల్ఆర్ అయితే మధ్య పాయింట్ ఒక్కటే వాడండి. చాలా మోడళ్లలో మసక వెలుతురులో నమ్మదగినది అదే. మిర్రర్‌లెస్ అయితే కంటిని గుర్తించే ఫోకస్ ఆన్ చేయండి.

• కదలకుండా కూర్చున్నవారికి సింగిల్ ఫోకస్ (కానన్‌లో వన్ షాట్), నాట్యానికి, పిల్లలకి కంటిన్యువస్ ఫోకస్ (కానన్‌లో సర్వో).

• దగ్గర నుంచి ఎఫ్ 1.8తో తీసేటప్పుడు, ఫోకస్ చేశాక కెమెరా పక్కకి తిప్పితే కన్ను ఫోకస్ తప్పొచ్చు. కంటికి దగ్గరున్న పాయింట్ ఎంచుకోండి, లేదా వెడల్పుగా తీసి తర్వాత కత్తిరించండి.

• వెలుతురు సరిపోతే ఎఫ్ 2.2 నుంచి 2.8 మధ్య పెట్టండి. డీఎస్ఎల్ఆర్ ఫోకస్ చేసేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది కాబట్టి ఫోకస్‌కి నష్టం లేదు.

• షట్టర్: కూర్చున్నవారికి 125వ వంతు, నాట్యానికి 250 నుంచి 500. ఐఎస్ఓ 3200కి భయపడకండి. కాస్త గరుకుగా ఉన్న ఫొటో దాచుకోవచ్చు, మసకది దాచుకోలేం.

• గుడిలో, స్టేజి ముందు ఫోకస్ సహాయ లైటు, ఫ్లాష్ ఆపేయండి. నాట్యం చేసేవారికి అది కళ్లలో పడుతుంది.

• ఫొటోలో చారలు వస్తే అది లైట్ల మినుకు. సైలెంట్ షట్టర్ ఆపండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి 60 లేదా 125వ వంతు, ఇండియా, బ్రిటన్, యూఏఈల్లో 50 హెర్ట్జ్ కాబట్టి 50 లేదా 100వ వంతు సాధారణంగా నయం. ఇంత నెమ్మది షట్టర్‌తో నాట్యం తీయాలంటే భంగిమ నిలిచే క్షణంలో నొక్కండి.

తప్పు ఎక్కడుందో తెలుసుకోండి

పాడైన ఫొటోని పెద్దది చేసి చూడండి. మొహానికి ముందో వెనకో ఏదైనా స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. కదిలిన చెయ్యి మాత్రమే సాగి మిగతాది బాగుంటే షట్టర్ చాలలేదు. మొత్తం ఒకే దిక్కుకి సాగితే మీ చెయ్యి కదిలింది.

డీఎస్ఎల్ఆర్‌లో ప్రతిసారీ ఒకే వైపు తప్పుతోందా? కెమెరాని బల్ల మీద పెట్టి అదే వస్తువుని ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో తీయండి. లైవ్ వ్యూలో బాగా వస్తే లెన్స్, కెమెరా మధ్య పొంతన కుదరలేదు. కానన్ 80డీ, నికాన్ డీ7200 లాంటి మోడళ్లలో దీన్ని మెనూలోనే సరిచేయవచ్చు. ఆ సౌకర్యం లేని మోడల్ అయితే కదలని సందర్భాలకి లైవ్ వ్యూ వాడండి, లేదా వాపసు గడువులోపే లెన్స్ మార్చుకోండి.

చివరగా, కొత్త లెన్స్‌ని పండుగ రోజే పెట్టె విప్పకండి. వారం ముందు ఒక సాయంత్రం పెద్ద లైట్లు ఆపి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి యాభై ఫొటోలు తీయండి. వీలైతే స్టేజి రిహార్సల్‌కి వెళ్లండి. అసలు రోజున ఒక్కో క్షణానికి మూడు నాలుగు ఫొటోలు తీసుకుని, తర్వాత కెమెరా దించి కాసేపు కళ్లతో కూడా చూడండి.